అమావాస్య నాడు లెక్కపెట్టిన రోడ్డు

హన్మవ్వ గురించి రాయాలంటే ముందు నా గురించి చెడ్డగా రాసుకోవాలి. ఆ పని ఎవరికి మాత్రం ఇష్టం? ముప్పై నాలుగేళ్ళు కరెంటు డిపార్ట్‌మెంటులో చేశాను. స్తంభాలెక్కే పనిలో చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. నా మీద ఒక్క కంప్లైంటు రాలేదని మొన్నమొన్నటి దాకా బోధన్ బజారులో ఛాతీ విరుచుకుని తిరిగాను. ఇప్పుడు ఎవరైనా "లక్ష్మీరాజం సారు మంచోడు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది, నా మీదే.

బోధన్ నుంచి నిజామాబాద్ పోయే దారిలో, ఎడపల్లి ఊరు దాటీ దాటకముందే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంటుంది. బోర్డు లేదు. చాయ్, మిర్చి బజ్జీ, ఎండాకాలమైతే చెరకురసం. బస్సు కండక్టర్లు కూడా "హన్మవ్వ హోటల్, దిగుర్రి" అనే అంటారు. ఆమెకు అరవై నాలుగో అరవై ఐదో. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పెళ్ళికి ముందు తల్లితో కలిసి బీడీలు చుట్టింది. ఇప్పటికీ చేతులు ఖాళీగా ఉంటే వేళ్ళు వాటంతటవే ఏదో చుడుతున్నట్టు కదులుతాయి. మొగుడు భీమన్న చక్కెర ఫ్యాక్టరీలో చెరకు దించే హమాలీ. సీజన్‌లో చెరకు లారీలు, ఎడ్లబండ్లు ఆమె హోటల్ దాకా వరస కట్టేవి. డ్రైవర్లు రెండేసి రోజులు అక్కడే పడుకునేవారు. పొయ్యి ఆరేది కాదు.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. వరస పోయింది. భీమన్న రైస్‌మిల్లుల్లో బస్తాలు మోసి, మూడేళ్ళ కింద ఛాతీ నొప్పితో పోయాడు. హోటల్ ఎత్తేసి మళ్ళీ బీడీల చాట పట్టుకొమ్మని అందరూ చెప్పారు. "ఫ్యాక్టరీ బందయింది. రోడ్డు బంద్ గాలేదు గద," అంది. అంతే, మళ్ళీ ఆ మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు.

నేను ఎడపల్లి సెక్షన్‌లో పదకొండేళ్ళు పనిచేశాను. పొద్దున ఆమె చాయ్ పడందే నాకు స్తంభం కనిపించేది కాదు. చెరకురసం మిషనుకు పెద్ద సాకెట్ నేనే బిగించి ఇచ్చాను. నన్ను తమ్మీ అనేది, నేను అక్కా అనేవాణ్ణి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ రోడ్డు మీదికి ఏదో ఒకటి తెస్తామని చాలామంది వచ్చిపోయారు. వాళ్ళ గురించి ఆమెకు ఒకటే మాట. "సార్లు వస్తరు, సూస్తరు, రాసుకుంటరు, పోతరు. మల్ల మొకం సూపియ్యరు." నేను కూడా సారునే కదా అక్కా అని ఏడిపిస్తే, "నువ్ సారువేంది, తమ్మివి. ఊకో," అని చేత్తో కొట్టినట్టు గాల్లో విసిరేది.

పోయినేడాది ఎండల్లో ఓ మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, కారుకు కరెంటు పెట్టొచ్చా? నా వైరు కాలిపోతదా ఏంది?" స్కూటర్ మీద పోయి చూస్తే, హైదరాబాద్ నుంచి నాందేడ్ పోతున్న కుటుంబం, తెల్ల ఎలక్ట్రిక్ కారు, చార్జింగ్ అడుగంటి హోటల్ ముందు ఆగిపోయింది. రసం మిషను తీగ పీకి కారు తీగ పెట్టాం. వైరు వేడెక్కుతుందేమోనని చేత్తో పట్టుకు చూస్తూ కూర్చున్నాను. నాలుగున్నర గంటలు పట్టింది. నడి ఎండాకాలం, రసానికి వచ్చినవాళ్ళనంతా హన్మవ్వ వెనక్కి పంపింది. వచ్చీరాని మరాఠీలో "బసా, బసా" అని ఆ పిల్లలను కూర్చోబెట్టి అన్నం వండి పెట్టింది. ఆ ఇల్లాలు మాత్రం నీళ్ళు తాగనంది. ఎందుకో హన్మవ్వకు ఆడదానిగా వెంటనే అర్థమైంది. చుట్టుపక్కల ఎక్కడా మరుగు లేదు. చివరికి చీర అడ్డం పట్టుకుని ఆమెను వెనక పొలం గట్టు దాకా తీసుకుపోయింది.

ఆ రోజు నుంచి ఆకుపచ్చ నంబరు బండి కనిపిస్తే చాలు, లెక్క పెట్టుకునేది. కరెంటు కారుకే ఆ రంగు నంబరుంటుందని చెప్పింది నేనే. "ఇయ్యాల ఆరు పోయినయ్ తమ్మీ. గిక్కడ ఒక్క మిషనుంటే ఆగకపోదురా?"

ఆ మాట నిజమయ్యేలాగే ఈ ఏప్రిల్‌లో దీక్షిత అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. హైదరాబాద్‌లో చార్జింగ్ స్టేషన్లు పెట్టే ఓ చిన్న కంపెనీ. ఈ ప్రాంతం తెలిసిన కరెంటు మనిషి కావాలని ఎవరో నా పేరు చెప్పారట. ఫోన్‌లో మ్యాపు తెరిచి చూపించింది.

"సార్, హైవే మీద కార్లు ఎక్కువే, కానీ స్టేషన్లు కూడా ఉన్నాయి. నిజామాబాద్ దాటి నాందేడ్ వైపు తిరిగితే మ్యాపంతా ఖాళీ. హైదరాబాద్‌లో ఫుల్ చేసుకున్న కారుకు సరిగ్గా ఇక్కడే దమ్ము అయిపోతుంది."

మూడు చోట్లు అనుకుంది, అందులో ఒకదానికే ఇప్పుడు స్టేషను. హైవే మీద డిచ్‌పల్లి, మ్యాపులో మధ్యలో కనిపిస్తోందని భీమ్‌గల్, మన ఎడపల్లి. ఒక్కో చోట ఒక్కో రోజు నేను పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా కూర్చుని కార్లు లెక్కపెట్టాలి, ఆకుపచ్చ నంబర్లు విడిగా. సబ్‌స్టేషన్ ఎంత దూరం, కరెంటు ఎన్నిసార్లు పోతుంది, అరగంట కూర్చునేందుకు నీడ, తిండి ఉన్నాయా, ఆడవాళ్ళకు బాత్రూం ఉందా, అన్నీ ఫారంలో నింపాలి. హన్మవ్వ హోటల్‌కు సబ్‌స్టేషన్ కూతవేటు దూరంలో ఉంది. ఆ ఫీడర్ లైను ఎంత నిక్కచ్చిగా కరెంటిస్తుందో నాకంటే ఎవడికి తెలుసు? చూడగానే దీక్షితకు ఆ చోటు నచ్చింది.

నేను ఊరుకోవచ్చు కదా. నోటిదురద. ఫారం పట్టుకుపోయి హన్మవ్వకు చదివి వినిపించాను. "అన్నీ ఉన్నయ్ అక్కా. బాత్రూం ఒక్కటే లేదు. గదుంటే నీకు తిరుగుండదు," అన్నాను, స్టేషను నా జేబులో ఉన్నట్టు.

పది రోజుల్లో కట్టించింది. ఇటుకలు తనే మోసింది. పైకప్పుకు రేకులు కొనలేక, హోటల్ షెడ్డు సగం రేకులు ఊడదీయించి దాని మీద వేయించింది. చాయ్ తాగేవాళ్ళు సగంమంది ఎండలో పడ్డారు. "కొన్ని దినాలు ఓర్సుకోండ్రి. స్టేషనొస్తే అంత కొత్త రేకులే," అని వాళ్ళ మీదే గయ్యిమంది.

ఇక నా ఘనకార్యం. డిచ్‌పల్లి లెక్క ఒక శనివారం చేశాను. మంచి పెళ్ళి ముహూర్తం, రోడ్డు నిండా కార్లు. దీక్షిత కూడా ఆ రోజు నా పక్కనే కూర్చుంది. ఒక పెళ్ళికారు బానెట్ మీద నిమ్మకాయలు చూసి నేను నవ్వి, పెద్ద ఉపన్యాసం దంచాను. "మేం కరెంటోళ్ళం అమ్మా. తీగల కరెంటుందా లేదా, గంతే సూస్తం. తిథులు, శకునాలు మా దగ్గర నడువయ్." ఆ పిల్ల మర్యాదకు తలూపింది.

మంగళవారం భీమ్‌గల్ పోవాలి. పొద్దున్నే సంచీ సర్దుకుంటుంటే మా ఆవిడ ధనలక్ష్మి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఇయ్యాల అమాస. గంత దూరం ఎట్ల పోతవ్? ఊరు దాటొద్దు."

"పని ఉందే."

"పనుంటే దగ్గర జేస్కో. ఎడపల్లి పో. గది మన పెరడసొంటిదే, పైనం కిందికి రాదు."

ఆమెతో వాదించే ఓపిక ఎవడికుంది? నిజం చెప్పాలంటే నాకూ లోపల బెరుకే. ముప్పై నాలుగేళ్ళలో అమావాస్య నాడు స్తంభం ఎక్కాల్సి వస్తే ఏదో వంక చూసుకునేవాణ్ణి. భీమ్‌గల్ మర్నాటికి వాయిదా వేసి ఎడపల్లి పోయాను. అమావాస్యని నేను దూరం పోనట్టే, ఊళ్ళో ఎవడూ దూరం పోడని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

తొమ్మిదయ్యేసరికి తట్టింది. రోడ్డు బోసిగా ఉంది. లారీలకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టుకుని కొబ్బరికాయలు కొట్టేవాళ్ళే తప్ప కార్లు లేవు. హన్మవ్వ చాయ్ తెచ్చిపెట్టి నా కాగితంలోకి తొంగిచూసింది. ఆమెకు చదువు రాదు, గీతలు తక్కువున్నాయని మాత్రం తెలిసింది.

"ఇయ్యాల అమాస గద తమ్మీ. ఎవ్వలు బయలెల్లరు. నీ కాయితంల గది రాస్తవు గద?"

"రాస్త అక్కా. రాయక?"

"మర్సిపోకు."

"అరె, రాస్తనన్న గద!" అని కసిరాను. తప్పు నాది, కసిరింది ఆమెను.

సాయంత్రం ఆరింటికి కూడితే ఆకుపచ్చ నంబర్లు రెండే రెండు. ఫారం అడుగున ఒక గడి ఉంది, "ఆ రోజు ప్రత్యేక విషయాలు" అని. పెన్ను దాని మీద పెట్టాను. అమావాస్య అని రాస్తే, మరి అదే రోజు ఎందుకెళ్ళారు సార్ అని ఆ పిల్ల అడుగుతుంది. నా భార్య ఊరు దాటనివ్వలేదని చెప్పాలి. తిథులు మా దగ్గర నడవవన్న మనిషిని! ఇంకో రోజు కూర్చుని మళ్ళీ లెక్కపెట్టవచ్చు. కానీ ఆ ఎండలో ఇంకో పన్నెండు గంటలంటే ప్రాణం ఉసూరుమంది. ఆ గడిలో "ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టాను. హన్మవ్వ అప్పుడు నా పక్కనే నిలబడి గ్లాసులు కడుగుతోంది.

వారం తర్వాత దీక్షిత ఫోన్ చేసింది. "సార్, ఎడపల్లి లెక్క మరీ తక్కువగా ఉంది. ఆ రోజు బంద్ లాంటిది ఏమైనా ఉండిందా?"

దేవుడు రెండో అవకాశం ఇచ్చాడు. దాన్నీ కాలదన్నాను.

"ఏం లేదమ్మా. ఆ రోడ్డు గంతే."

"అయ్యో. నాకు ఆ చోటే నచ్చింది సార్," అంది. గొంతులో నిరాశ తెలుస్తోంది. నేను ఎండల గురించి మాట్లాడి ఫోన్ పెట్టేశాను.

జులైలో కబురొచ్చింది. స్టేషన్ డిచ్‌పల్లికి పోయింది. హన్మవ్వ అడిగితే, "పైవాళ్ళు జేసిండ్రు అక్కా, మన చేతుల ఏముంది," అన్నాను. నాలుక ఎలా తిరిగిందో నాకే తెలియదు. ఆ తర్వాత ఆమె ఫోన్ వస్తే ఎత్తలేదు. నిజామాబాద్ పోవాలంటే బస్సులో అవతలి వైపు సీటు చూసుకుని, హోటల్ దగ్గరపడగానే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైందని, ఫ్యాను చప్పుడు చేస్తోందని ఎగిరేవాణ్ణి. ధనలక్ష్మి విసిగిపోయి, "ఏం తప్పు జేసి వచ్చినవో చెప్పరాదు, మా మీద ఎందుకెగురుతవ్?" అంది. ఆమె మాట వరసకే అంది. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

వినాయక చవితి ముందు ఒకనాడు హన్మవ్వ నన్ను పట్టుకుంది. బస్సు హోటల్ ముందు ఆగింది. నేను పేపరు చాటున ఉన్నాను. కిటికీ రేకు మీద దబదబ బాదిన చప్పుడు.

"తమ్మీ! నాకు అవుపడ్తలేవనుకున్నవా? దిగు, జర సూసిపో."

బస్సులో అందరూ చూస్తుంటే దిగాను. పట్టపగలు దొంగతనం చేసి దొరికినట్టుంది నా వాలకం. నా చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయింది. బాత్రూం తలుపు తీసింది. లోపల నడుము ఎత్తు దాకా తెల్ల టైల్స్, కింద గరుకు టైల్స్, ఒక మూల కొత్త బకెట్, తలుపుకు లోపలి నుంచి గడియ.

"ఇప్పుడెట్లుంది? అప్పుడు ఉత్త సిమెంటుండె. గందుకే నచ్చలె వాళ్ళకు. నేనన్న ముందుగాల ఆలోచించకపోతి. పట్నంల ఆడోళ్ళు, టైల్సు లేకుంటే కాలు వెడ్తరా? ఇగ మల్లొచ్చే లిస్టుల ఎట్లన్న పేరొస్తది. నువ్ ఆ పిల్లకు ఫోటో పంపు తమ్మీ."

నేను ముందుకు వచ్చి షెడ్డులో చూశాను. రసం మిషను ఉండే చోట నేల మీద నాలుగు తుప్పు మరకలు ఉన్నాయి. నేను బిగించిన సాకెట్ ఖాళీగా ఉంది.

"మిషనేది అక్కా?"

"అమ్మేసిన. టైల్సు ఊకెనే వస్తయా?" అని నవ్వింది. "స్టేషనొస్తే ఇసొంటివి రెండు కొంట."

నేను బల్ల మీద కూలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళ మీద కూడా నాకు కోపం వచ్చింది, ఇప్పుడు ఏడిస్తే ఎవడికి లాభం?

"అక్కా, బాత్రూం మంచిగనే ఉండె. సిమెంటుదే మంచిగుండె."

"మరి?"

"నేను రాయలె."

ఆమెకు అర్థం కాలేదు. వివరంగా చెప్పాను. ఆ రోజు అమావాస్యని రాయలేదని, ప్రత్యేక విషయాలు ఏమీ లేవని రాశానని, ఫోన్ చేసి అడిగినా చెప్పలేదని. ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను, ఆ పిల్ల ముందు పలచనైపోతానని. చెప్తుంటే ఆ కారణం ఎంత చిన్నదో నా చెవులకే వినిపించింది.

తిడుతుందనుకున్నాను. ఆమె గొంతు నాకు తెలుసు, రోడ్డు అవతలి వాళ్ళు కూడా ఉలిక్కిపడతారు. తిట్టినా బాగుండేది.

"రాస్తనంటివి గద," అంది.

"అన్న."

"రెండుసార్లడిగిన."

"అడిగినవ్ అక్కా."

ఆమె లోపలికి పోయి కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది.

అక్కడి నుంచే, ఆమెకు వినపడేట్టు, దీక్షితకు ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను.

"అమావాస్య అని ఒక్క ముక్క రాస్తే ఇంకో రోజు లెక్కపెట్టమనేదాన్ని కదా సార్. దానికి నేనెందుకు నవ్వుతాను? మా అమ్మ కూడా అమావాస్య నాడు నన్ను బండి తియ్యనివ్వదు."

తల కొట్టేసినట్టయింది. తర్వాత ఆమె పనిలోకి వచ్చింది. రెండో లిస్టు దసరా దాటాక అట. మాట ఇవ్వలేనంది. ఈసారి ఒక్క రోజు లెక్క ఒప్పుకోరు, వరసగా ఏడు రోజులు కావాలి, ప్రతి గంటకూ రోడ్డు ఫోటో ఉండాలి. ఇంకోమాట కూడా నసుగుతూ అంది. "లెక్క వేరేవాళ్ళతో కూడా ఒకసారి సరిచూయిస్తాం సార్, ఏమనుకోకండి." ముప్పై నాలుగేళ్ళలో నా లెక్కను ఇంకొకరు సరిచూస్తామనడం అదే మొదలు. ఏమనుకుంటాను? సరేనన్నాను.

మర్నాడు మొదటి బస్సుకే పోయాను. పోయేముందు క్యాలెండర్ రెండుసార్లు చూశాను. "అమాస లేదు, పో. నీ తప్పులన్ని నా నెత్తిన వెట్టకు," అంది ధనలక్ష్మి. అంతా ఆమెకు రాత్రే చెప్పేశాను.

రేకులు లేని వైపు బల్ల వేసుకుని కూర్చున్నాను. వాన వెలిసిన ఎండ చురుక్కుమంటోంది. ఇదివరకైతే హన్మవ్వ, "ఎండల గూసున్నవేంది, ఇటు జరుగు," అని చెయ్యి పట్టి లాగేది. మొదటి రోజు ఏమీ అనలేదు. రెండో రోజూ అనలేదు. ఎవరో గిరాకీ, ఈయనెవరు అని అడిగితే, "లెక్కలు రాసేటాయన," అంది.

మూడో రోజు పది గంటలకు గీతలు మూడువందలు దాటాయి, అందులో ఆకుపచ్చ నంబర్లు ఐదు. రోడ్డు ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. చెడిందల్లా నా కాగితమే. నా ముందు గ్లాసు పెట్టిన చప్పుడైతే తలెత్తాను.

"చాయ్ తీస్కోండ్రి సారూ," అంది హన్మవ్వ.

పదకొండేళ్ళ చాకిరీలో, ఆ తర్వాత ఇన్నేళ్ళలో, ఆ నోటి నుంచి ఆ పిలుపు నేను వినలేదు. అక్కా అనబోయాను. గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను. వేళ్ళు కాలుతున్నా దించబుద్ధి కాలేదు. ఎదురుగా ఏదో బండి రయ్యిమని పోయింది. నేను చూడలేదు.

లోపల పొయ్యి దగ్గర నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఆకుపచ్చ నంబరుది ఒకటి పోయింది. రాసుకోండ్రి సారూ."